సూది ఆపి రక్తం తీశారెందుకు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. బాబు 34 వారాలకే పుట్టాడు, బరువు 2 కిలోలు. రక్తంలో ఇన్ఫెక్షన్ అని హన్మకొండలో చేర్చుకుని అమికాసిన్ అనే యాంటీబయోటిక్ ఇస్తున్నారు. మూడో సూది వేళకు మందు ఆపి రక్తం తీశారు. రిపోర్టులో 9 వచ్చిందని, 24 గంటలకు బదులు 36 గంటలకోసారి వేస్తామన్నారు. ‘సూది ఎగ్గొట్టి పోరని నెత్తురు గుంజుడేంది?’ అని మా అత్తమ్మ ఒకటే గొడవ. నాకూ టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: సూది ఎగ్గొట్టలేదమ్మా, వాయిదా వేశారు. కిందటి డోసులో ఒంట్లో ఇంకా ఎంత మిగిలిందో చూడటానికి, తర్వాతి డోసుకు కాస్త ముందు రక్తం తీస్తారు. అది లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపు ఉండాలని చూస్తాం. 9 అంటే మందు పోవాల్సినంత పోలేదు. అమికాసిన్ బయటికి వెళ్లేది కిడ్నీల గుండానే. నెలలు నిండని పిల్లల కిడ్నీలు ఇంకా మెల్లగా పనిచేస్తాయి. మందు అలా పేరుకుంటే కిడ్నీలకూ చెవులకూ చేటు.

మరి డోసే తగ్గించొచ్చు కదా అంటారేమో. పసివాళ్ల ఒంట్లో నీరు ఎక్కువ, ఈ మందు ఆ నీళ్లలోనే పరుచుకుంటుంది. డోసు తగ్గిస్తే క్రిములను చంపేంత బలం రాదు. పైగా ఒక్కసారి గట్టిగా తగిలితే, రక్తంలో మందు తగ్గాక కూడా కొన్ని గంటలపాటు క్రిములు తేరుకోలేవు. అందుకే డోసు అలాగే ఉంచి గడువు పెంచారు. నేనైనా అదే చేసేదాన్ని.

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చాలదా అని కొందరు అడుగుతారు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ రక్తంలో కనిపించేది చాలావరకు తల్లి క్రియాటినినే. దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం.

మీ అత్తమ్మ భయాన్ని నేను కొట్టిపారేయను. 2 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే 160, 180 మిల్లీలీటర్లు. ఈ పరీక్షకు అర మిల్లీలీటరు దాకా చాలు. మిగతా పరీక్షలుంటే వాటితో కలిపి ఒకేసారి తీయమని అడగండి, తప్పేం లేదు.

నేను పట్టుపట్టేది టైం దగ్గర. కిందటి సూది ఎన్నింటికి వేశారు, రక్తం ఎన్నింటికి తీశారు అన్నవి రెండూ కాగితం మీద ఉండాలి. ఉజ్జాయింపుగా ‘పొద్దున’ అని రాస్తే ఆ 9కి అర్థమే లేదు. మందు ఎక్కిన లైన్‌లోంచే రక్తం తీసినా అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, వేరే చోట తీయాలి.

ఇంటికెళ్లేముందు బెరా అనే వినికిడి పరీక్ష చేయించండి. సూది మందులు వాడాక చెవుడు వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో ఇవాళే డాక్టరుకు చెప్పండి. కొన్ని కుటుంబాల్లో ఈ రకం మందుకు చెవులు తొందరగా దెబ్బతింటాయి, ఆ లోపం తల్లి వైపు నుంచే వస్తుంది. కాబట్టి ఈ సంగతి మీ అత్తమ్మను కాదు, మీ అమ్మను అడగాలి.