అమ్మాయికి బడిలో తోడు లేదు

ప్రశ్న: ఈ ఏడాది సిద్ధవటం నుంచి కడపకు వచ్చి, మా అమ్మాయిని ఒక క్యాథలిక్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేర్పించాము. మార్కులు బాగానే ఉన్నాయి. కానీ మధ్యాహ్నం క్యారియర్ సగం మిగిల్చి తెస్తోంది, "అక్కడ నాకెవరూ లేరమ్మా" అంటోంది. మేము క్రైస్తవులము కాము కనుక ప్రార్థన సమయంలోనూ బిడియపడుతోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, క్యారియర్‌ను గమనించి మంచి పని చేశారు. భోజన విరామంలో తను ఎవరి పక్కన కూర్చుంటోందో ముందు తెలుసుకోండి. క్లాస్ టీచరును విడిగా కలిసి, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం వంటి పనిని మరో ఇద్దరు పిల్లలతో కలిపి అప్పగించమని అడగండి. అంతేగాని "ఈ అమ్మాయితో స్నేహం చేయండి" అని అందరి ముందూ చెప్పించవద్దు, దానితో పిల్ల మరింత ముడుచుకుపోతుంది.

ప్రార్థన విషయానికొస్తే, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన విద్యాసంస్థలో మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలోగాని, ఆరాధనలోగాని పాల్గొనవలసిందిగా నిర్బంధించరాదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. దీన్ని తగవుగా మార్చనక్కరలేదు. క్యాథలిక్ బడిలో స్వేచ్ఛ, ప్రేమ నిండిన వాతావరణం ఉండాలని 1965లో రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సమావేశం) వెలువరించిన విద్యా ప్రకటనే కోరింది. కాబట్టి ప్రార్థన జరిగేటప్పుడు మౌనంగా నిలబడితే చాలునా అని ప్రధానోపాధ్యాయురాలిని మీరే నేరుగా అడిగి, ఆ జవాబును అమ్మాయికి చెప్పండి.

నిద్ర, తిండి ఇంకా తగ్గితే ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.