పాఠకుల ప్రశ్నలు: లొంగిపోయినవారి మాటను ఎలా తూచాలి?

ప్రశ్న: మావోయిస్టుల లొంగుబాట్లపై రుమేలా సేన్ రాసిన ‘ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ (2021) మీద సెమినార్ పేపర్ రాయాలి. ఇంటర్వ్యూలే ప్రధాన ఆధారమైన పుస్తకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు వాదన పట్టుకోండి. ఆయుధం దించినవాడికి పోలీసుల భయం, పాత సహచరుల భయం రెండూ ఉంటాయి. ప్రభుత్వం మాట తప్పితే దానికి పోయేది తక్కువ. నమ్మి వచ్చినవాడికి ప్రాణమే పోవచ్చు. ఈ అపనమ్మకాన్ని పునరావాస ప్యాకేజీ తీర్చలేదని, కింది స్థాయిలో రెండు వైపులా మాట చెల్లే మధ్యవర్తుల సంబంధాలే తీరుస్తాయని సేన్ అంటారు. తెలంగాణలో అవి బాగా అల్లుకున్నాయి, జార్ఖండ్‌లో అలా కుదరలేదు అన్నది ఆమె పోలిక.

మీ పేపర్‌కు అసలు పని ఈ పోలిక దగ్గరే ఉంది. రెండుచోట్లా ఒకే పార్టీ (మావోయిస్టు పార్టీ) అన్నది 2004 విలీనం తర్వాతి మాట. అంతకుముందు ఇక్కడ పీపుల్స్‌వార్, అక్కడ ప్రధానంగా ఎంసీసీ (మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్). పైగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ 1989లోనే వచ్చింది. మరి మనుషుల్ని బయటికి తెచ్చింది మధ్యవర్తులా, పోలీసు ఒత్తిడా? రెండూ ఒకేచోట, ఒకే కాలంలో పనిచేస్తే విడదీయడం కష్టం. ఒత్తిడి దాదాపు సమానంగా ఉండి, మధ్యవర్తుల బలంలో మాత్రమే తేడా ఉన్న ప్రాంతాలు పుస్తకంలో ఉన్నాయేమో వెతకండి. దొరికితే వాదనకు బలం.

ఇక ఇంటర్వ్యూలు. ఉటంకించిన ప్రతి మాటకూ ఎవరు చెప్పారు, ఎప్పటి సంగతి, ఎప్పుడు చెప్పారు, రచయితకు ఎవరి ద్వారా పరిచయమయ్యారు అన్నవి రాసుకోండి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. పోలీసుల ద్వారా దొరికిన మనిషీ, హక్కుల కార్యకర్త ద్వారా దొరికిన మనిషీ ఒకే లొంగుబాటును రెండు రకాలుగా చెప్పవచ్చు. కేసులు ఇంకా నడుస్తున్నవారు ఆచితూచి మాట్లాడతారు. ఏ ఇంటర్వ్యూకీ అందనివారూ ఉన్నారు: బయటికి రాబోతూ చనిపోయినవారు. ఈ ప్రశ్నకు వాళ్లకు మించిన సాక్షులు లేరు! ఆ ఖాళీని పత్రికా వార్తలు, కోర్టు కాగితాలతో ఎంత పూడ్చారో చూడండి.

ప్రశ్న: ఇలాంటి ఇంటర్వ్యూలు నేనూ చేయాలనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు?
– ఎం.ఫిల్ పూర్తిచేసిన పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. మన చట్టంలో పరిశోధకుడి నోట్సుకు ప్రత్యేక రక్షణ లేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద పోలీసులో కోర్టో వాటిని తెమ్మని అడగవచ్చు. కాబట్టి ఫలానా హత్య ఎవరు చేశారని అడగకండి, వాళ్లే మొదలుపెడితే ఆపండి. నోట్సులో పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడండి, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాను నోట్సుతో కలిపి ఉంచవద్దు. ఎక్కువగా బెడిసికొట్టేది రాసేటప్పుడు: పేరు మార్చి ఊరు, వయసు, దళంలో హోదా అలాగే ఉంచితే ఆ మండలంలో ఎవరైనా గుర్తుపడతారు. ఆ మూడింటిలో కనీసం రెండు తీసేయండి.