సబ్‌స్ట్రింగ్ ప్రశ్న ఎదురైతే కోడ్ కంటే ముందు

పరాయి దేశంలో మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు: "ఇంటర్వ్యూలో పెద్ద స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) చిన్న స్ట్రింగ్, అంటే సబ్‌స్ట్రింగ్, ఎక్కడుందో కనుక్కోమంటే ఏ ఆల్గరిథమ్ రాయాలన్నా?"

ఆల్గరిథమ్ సంగతి తర్వాత. ముందు మీరే ప్రశ్నలు అడగండి. దొరక్కపోతే ఏం తిరిగివ్వాలి? వెతికే మాట ఖాళీగా ఉంటే? పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటేనా? మొదటి చోటు చాలా, అన్ని చోట్లూ కావాలా? అడిగితే మనకేమీ రాదనుకుంటారని మొహమాటపడతారు చాలామంది. నేను ఇంటర్వ్యూ తీసుకునేటప్పుడు మాత్రం, అలా అడిగినవాళ్ళ మీదే నమ్మకం కుదురుతుంది.

"దొరక్కపోతే" అన్నది చిన్న విషయం కాదు. పైథాన్‌లో వెతికే ఫంక్షన్లు రెండు: ఫైండ్ అయితే -1 ఇస్తుంది, ఇండెక్స్ అయితే ఎర్రర్ లేపుతుంది. జావా, జావాస్క్రిప్ట్‌లలో ఇండెక్స్‌ఆఫ్ కూడా -1 ఇస్తుంది. పైథాన్‌లో గానీ జావాస్క్రిప్ట్‌లో గానీ ఆ ఫలితాన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టారా, లెక్క తలకిందులవుతుంది: -1 నిజం కింద లెక్క, 0 అబద్ధం కింద లెక్క. చోట్లను 0 నుంచి లెక్కపెడతారు కాబట్టి, మాట మొదట్లోనే ఉంటే లేదంటుంది, అసలు లేకపోతే ఉందంటుంది. ఉందో లేదో తెలిస్తే చాలనుకుంటే పైథాన్‌లో ఇన్, జావాలో కంటెయిన్స్, జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచి ఉన్న ఇన్‌క్లూడ్స్ వాడండి.

ఉద్యోగంలో చేరాక ఇంకో చిక్కు వస్తుంది: రకరకాల భాషల పేర్లు. మన లిపినే తీసుకోండి. "రాము"లో "రామ" ఉందా అంటే పైథాన్ ఉందనే చెబుతుంది, ఎందుకంటే కొమ్ము దానికి విడి కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్య). "తెలుగు"లో "గు" ఎక్కడుందంటే పైథాన్ 4 అంటుంది, గో భాష బైట్లు లెక్కపెట్టి 12 అంటుంది. రెండూ సరైనవే, కొలమానం వేరు. యూరప్ పేర్లలో ఒత్తుగుర్తున్న అక్షరాన్ని రెండు రకాలుగా నిల్వ చేయొచ్చు. కంటికి ఒకేలా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. అందుకే రెండు వైపులా యూనికోడ్ నార్మలైజేషన్ (అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చడం) చేశాకే వెతకాలి. టర్కిష్ సెట్టింగ్ ఉన్న మెషీన్‌లో జావా, పెద్ద ఐని చుక్కలేని చిన్న ఐగా మారుస్తుంది. కాబట్టి చిన్నక్షరాలుగా మార్చే టులోయర్‌కేస్‌కి లొకేల్ రూట్ (ఏ భాషకీ చెందని తటస్థ సెట్టింగ్) ఇవ్వడం అలవాటు చేసుకోండి.

ఇక ఆల్గరిథమ్. ముందు సాదాసీదా రెండు లూపుల పద్ధతి రాసి, చెత్త కేసులో రెండు పొడవుల లబ్ధమంత పని పడుతుందని చెప్పండి. అప్పుడు 1977లో ప్రచురితమైన నుత్-మోరిస్-ప్రాట్ పద్ధతి గురించి మాట్లాడండి. అది పొడవుల మొత్తానికి అనుపాతంలోనే పని ముగిస్తుంది. దాన్ని బట్టీపట్టి ఒప్పజెప్పొద్దు. తప్పిన చోట నుంచి వెనక్కి ఎందుకు వెళ్ళక్కర్లేదో వివరించగలిగితే చాలు.

"అయిపోయింది" అనేముందు, మాట స్ట్రింగ్ చిట్టచివర ఉన్న ఉదాహరణ ఒకటి తీసుకుని చేత్తో నడిపించండి. బయటి లూపు ఒక అడుగు ముందే ఆగిపోయిందేమో అక్కడే బయటపడుతుంది.