పాస్కల్ చిన్న ప్రోగ్రామింగ్ భాషే కదా, దాని కంపైలర్‌ను, అంటే ప్రోగ్రామును మెషిన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌ను, ఒక్కరే రాసి నిర్వహించలేరా?

రాయగలరు. నిర్వహించడం మాత్రం వేరే పని. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా గ్రామర్‌ను (భాష వాక్య నియమాలను) చూసి లెక్క వేస్తారు. గ్రామర్ చిన్నదే. పాస్కల్‌ను రూపొందించిన నిక్లౌస్ విర్త్ 1970లో ఈ భాషను ఒకే పాస్‌లో, అంటే ప్రోగ్రామును ఒక్కసారి చదవడంతోనే, కంపైల్ అయ్యేలా మలిచారు. దాదాపు ఏ పేరైనా వాడకముందే డిక్లేర్ చేయాలి కాబట్టి ఒక్క పాస్ సరిపోతుంది. గ్రామర్ సులువుది కాబట్టి దాన్ని చదివే పార్సర్‌ను రికర్సివ్ డిసెంట్ పద్ధతిలో (ఒక్కో నియమానికి ఒక్కో ఫంక్షన్) చేత్తోనే రాసేయొచ్చు, పార్సర్‌ను తయారుచేసిపెట్టే పార్సర్ జనరేటర్లతో పనే లేదు. ఫ్రీ పాస్కల్ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్‌ను 1993లో మొదలుపెట్టింది కూడా ఫ్లోరియన్ క్లేంఫ్ల్ అనే విద్యార్థి ఒక్కరే. దాన్ని పాస్కల్‌లోనే రాశారు. మొదట టర్బో పాస్కల్ అనే కంపైలర్‌తో కంపైల్ చేసేవారు, రెండేళ్లకు అది తనను తాను కంపైల్ చేసుకోగలిగింది. 1.0 వెర్షన్ వచ్చింది మాత్రం 2000లో. మధ్యలో గడిచిన ఆ కాలమంతా పార్సర్ తినేసిందని అనుకోకండి.

అసలు తలనొప్పి 'తనను తాను కంపైల్ చేసుకోవడం' దగ్గరే ఉంది. ఫ్రీ పాస్కల్ సోర్స్‌లో కంపైలర్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'మేక్ సైకిల్' అని కొడితే ఏమవుతుందో చూడండి. ముందుగా మీ దగ్గరున్న పాత కంపైలర్ కొత్త సోర్స్‌ను కంపైల్ చేస్తుంది, దాంతో వచ్చే కంపైలరే పీపీసీ1. పీపీసీ1 ఆర్‌టీఎల్‌ను, అంటే ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే ప్రాథమిక కోడ్ ఉన్న రన్‌టైమ్ లైబ్రరీని, మళ్లీ కట్టి పీపీసీ2ను తయారుచేస్తుంది. పీపీసీ2 అదే పని చేసి పీపీసీ3ని ఇస్తుంది. 2, 3 రెండూ ఒకే సోర్స్ నుంచి ఒకే లాజిక్‌తో పుట్టినవి కాబట్టి ఒక్క బైటు కూడా తేడా ఉండకూడదు.

ఇప్పుడు ఎక్స్86 ప్రాసెసర్ల ఆప్టిమైజర్‌లో, అంటే పుట్టే కోడ్‌ను మెరుగుపరిచే భాగంలో, చిన్న మార్పు చేశారనుకుందాం. ఈఏఎక్స్ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటులో) సున్నా పెట్టే 'మూవ్' ఇన్‌స్ట్రక్షన్‌కు 5 బైట్లు పడుతుంది, అదే రిజిస్టర్‌ను దానితోనే 'ఎక్సార్' చేస్తే 2 బైట్లలో పని అయిపోతుంది. మార్చేశారు. పీపీసీ1 చక్కగా తయారైంది, చిన్నచిన్న ప్రోగ్రాములన్నీ నడిచాయి. పీపీసీ2 కూడా తయారైంది. తీరా అది ఆర్‌టీఎల్‌లోని సిస్టమ్ యూనిట్‌ను (యూనిట్ అంటే విడిగా కంపైల్ అయ్యే పాస్కల్ కోడ్ ఫైలు) కంపైల్ చేయబోయి, ఏ తప్పూ లేని లైన్‌లో 'ఐడెంటిఫైయర్ దొరకలేదు' అని ఆగిపోయింది. కొత్తవాళ్లు వెంటనే పేర్లను గుర్తుపెట్టుకునే సింబల్ టేబుల్ కోడ్ తెరిచి వెతకడం మొదలుపెడతారు. అక్కడేమీ ఉండదు.

కారణం ఇదీ: పోలిక ఫలితాన్ని ప్రాసెసర్ ఫ్లాగ్స్ అనే బిట్లలో దాస్తుంది. మూవ్ వాటిని ముట్టుకోదు, ఎక్సార్ చెరిపేస్తుంది. ఒక పోలికకూ, దాని ఫలితం చూసి దూకే జంప్‌కూ మధ్య ఈ మూవ్ ఉన్నచోట జంప్ తప్పు దారి పడుతుంది. పీపీసీ1ను కంపైల్ చేసింది పాత కంపైలర్ కాబట్టి దాని సొంత కోడ్ బాగానే ఉంది. అది పుట్టించిన పీపీసీ2లోనే విషం ఉంది. ఫ్లాగ్స్ అప్పుడు వాడుకలో లేవని చూసుకునే ఒక్క షరతు పెడితే సరిపోయేది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటే, ఓపిక కావాలి. పీపీసీ1తోనే ఆర్‌టీఎల్‌నూ పీపీసీ2నూ ఆప్టిమైజేషన్ ఆపేసి కట్టండి. సైకిల్ పూర్తయితే తప్పు ఆప్టిమైజర్‌దే. తర్వాత ఆర్‌టీఎల్‌కు మాత్రమే ఆపి చూడండి, ఆపైన కంపైలర్ యూనిట్లలో సగానికి ఆపండి, అందులో సగానికి ఆపండి. చివరికి ఒకే యూనిట్ మిగులుతుంది. ఆ యూనిట్‌ను పాత, కొత్త కంపైలర్లు రెండింటితోనూ '-ఏఎల్' ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేస్తే సోర్స్ లైన్లతో సహా అసెంబ్లీ ఫైళ్లు మిగులుతాయి. వాటిని డిఫ్ చేస్తే, అంటే పోల్చి తేడాలు తీస్తే, తప్పు కళ్లముందే ఉంటుంది.

క్రాష్ ఏమీ లేకుండా 2, 3ల మధ్య తేడా మాత్రం వస్తే ముందుగా ఇనీషియలైజ్ చేయని వేరియబుల్‌ను అనుమానించండి. '-జీటీ' ఆప్షన్ లోకల్ వేరియబుల్స్‌లో కావాలనే చెత్త విలువలు నింపుతుంది, అప్పటిదాకా అదృష్టంతో నడిచిన కోడ్ అప్పుడు బయటపడుతుంది. ఇంకో చిలిపి కారణమూ ఉంది. కంపైలర్ తన తయారీ తేదీని తనలోనే దాచుకుంటుంది, కాబట్టి అర్ధరాత్రి దాటేలా సైకిల్ నడిపితే ఏ బగ్గూ లేకుండానే తేడా వస్తుంది. తెల్లవార్లూ డీబగ్గర్ పట్టుకుని కూర్చునే ముందు గడియారం చూడండి.

ఇక పీపీయూ ఫైళ్లు, అంటే కంపైల్ అయిన ఒక్కో యూనిట్ సమాచారాన్ని కంపైలర్ దాచే ఫైళ్లు. ఒక్కో యూనిట్ ఇంటర్‌ఫేస్‌కు (ఇతర యూనిట్లకు కనిపించే భాగానికి) ఒక చెక్‌సమ్, అంటే అందులోని విషయం నుంచి లెక్కించిన సంఖ్య, ఉంటుంది, అది మారితే దాన్ని వాడే యూనిట్లన్నీ మళ్లీ కంపైల్ కావాలి. ఇంప్లిమెంటేషన్ భాగంలో (లోపలి కోడ్‌లో) రెండు యూనిట్లు ఒకదాన్నొకటి వాడుకోవచ్చు గనుక ఈ లెక్క తిరిగి తిరిగి మొదటికి వస్తుంది. నన్నడిగితే కంపైలర్ మొత్తంలో చేయి పెట్టడానికి భయపడాల్సిన చోటు కోడ్ జనరేటర్ కాదు, ఇదే. పీపీయూ ఫార్మాట్ మార్చి వెర్షన్ నంబర్ పెంచడం మరిచిపోతే, కొత్త కంపైలర్ పాత ఫైలును ధీమాగా చదివి ఎక్కడో ఇంటర్నల్ ఎర్రర్‌తో పడిపోతుంది. ఆ ఎర్రర్ నంబర్ చూసి బెదిరిపోకండి. అది చాలావరకు ఆ లైన్ రాసిన సంవత్సరం, నెల, తేదీ, చివర్లో ఒక వరుస సంఖ్య. సోర్స్‌లో ఆ నంబర్‌ను గ్రెప్‌తో వెతికితే నేరుగా ఆ చోటికే వెళ్తారు.

పాత ప్రోగ్రాములను మోయడం ఇంకో భారం. వేర్వేరు పాస్కల్ కంపైలర్ల తీరును అనుకరించడానికి ఫ్రీ పాస్కల్‌లో మోడ్‌లు ఉన్నాయి. టర్బో పాస్కల్ మోడ్‌లో ఇంటీజర్ 16 బిట్లు, డెల్ఫీ మోడ్‌లో 32. ఫ్రీ పాస్కల్ సొంత డిఫాల్ట్ మోడ్‌లో ఇప్పటికీ 16 బిట్లే, దాంతో అందులో పట్టని 40000 పెట్టగానే బోల్తా పడి కంపైలర్‌ను తిట్టేవాళ్లకు కొదవ లేదు. పైన మోడ్ లైన్ ఒక్కటి రాస్తే తీరే గొడవ. కంపైలర్ వైపు నుంచి చూస్తే ప్రతి కొత్త ఫీచర్‌నూ ఈ మోడ్‌లన్నిటిలో విడివిడిగా సరిచూడాలి.

సైకిల్ పాసైందని మీ మార్పును వెంటనే ప్రాజెక్టులో చేర్చేయకండి. కంపైలర్ సొంత సోర్స్‌లో ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు బహు తక్కువ, కాబట్టి అక్కడ ఎంత ఘోరమైన తప్పున్నా సైకిల్ దర్జాగా పాసవుతుంది. టెస్ట్స్ ఫోల్డర్‌లో 'మేక్ ఫుల్' నడిపి, మార్పుకు ముందు, తర్వాత వచ్చిన ఫెయిల్ లిస్టులను పోల్చండి. ఆ లిస్టు ఖాళీగా ఉండాలని ఆశించకండి, కొత్త పేర్లు చేరకపోతే చాలు.

బగ్ రిపోర్టుల సంగతి ఒక్క మాట. ఇరవై యూనిట్ల ప్రాజెక్టును జిప్ చేసి 'పనిచేయడం లేదు' అని పంపితే ఎవరూ తెరవరు. నలభై లైన్లలోపు, వేరే లైబ్రరీలు అక్కర్లేని ఒకే ప్రోగ్రాముగా కుదించండి. వాడిన వెర్షన్, ఆప్షన్లు, రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం రాయండి. అలా పంపిన ప్రోగ్రాము బగ్ నంబరే పేరుగా టెస్టుల్లో చేరిపోతుంది, కంపైల్ కావాల్సినవి ఒక ఫోల్డర్‌లోకి, కాకూడనివి ఇంకో ఫోల్డర్‌లోకి.