భద్రతకు ముప్పు ఉందని పెద్ద దేశం పొరుగు దేశం మీద దాడి చేస్తే సమర్థించవచ్చా?

సమర్థించలేం. ఈ చర్చ ఎప్పుడొచ్చినా మనవాళ్లలో చాలామంది ఉక్రెయిన్ గురించే మాట్లాడతారు: అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో జరుగుతూ జరుగుతూ రష్యా గుమ్మం దాకా వచ్చేసింది, రష్యా మాత్రం ఏం చేస్తుంది అని. 2022లో యుద్ధం మొదలైనప్పుడు నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. అందుకని ఆ మాటకే జవాబు చెబుతాను.

రష్యా భయమంతా నాటకమని నేననను. 2004లో రష్యా పక్కనున్న బాల్టిక్ దేశాలు (ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా) నాటోలో చేరాయి. 2008లో బుకారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా కూడా సభ్యులవుతాయని నాటో ప్రకటించింది, ఎప్పుడన్నది చెప్పకుండా. అటు ఆ దేశాలకు రక్షణ దొరకలేదు, ఇటు రష్యాకు కోపం మిగిలింది. నా దృష్టిలో అది తెలివితక్కువ పని.

కానీ తేదీలు వరసగా పెట్టి చూడండి. 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన దగ్గరున్న సోవియట్ అణ్వాయుధాలన్నీ వదులుకోవడానికి ఒప్పుకుంది. బదులుగా దాని సరిహద్దుల్ని గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌లతో పాటు రష్యా కూడా సంతకం పెట్టింది. 2010లో ఏ సైనిక కూటమిలోనూ చేరబోమని ఉక్రెయిన్ ఏకంగా చట్టం చేసుకుంది. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్నప్పుడు ఆ చట్టం అమల్లోనే ఉంది! రద్దయింది ఆ ఏడాది డిసెంబర్లో. అణ్వాయుధాలు ఇచ్చేసి, కూటములకు దూరంగా ఉన్న దేశం ఇంకేం చేస్తే ఆ భయం తీరేది?

ఫిన్లాండ్ 2023లో నాటోలో చేరింది. రష్యాతో దాని సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు. రష్యా దాని మీదికి సైన్యాన్ని పంపలేదు. ఉక్రెయిన్‌లో మాత్రం 2022 సెప్టెంబర్లో నాలుగు ప్రాంతాలు తమవేనని ప్రకటించుకుంది. భద్రత కోసమే వచ్చినవాళ్లకు ఆ ఊళ్లెందుకు?

ఖార్కివ్ రష్యా సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపే ఉంటుంది. అక్కడ ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది రష్యనే. వార్డుల్లో పేషెంట్లతో మాట్లాడాలంటే మేమూ అదే నేర్చుకోవాల్సి వచ్చింది. మా ఫ్లాట్ ఓనరావిడ సొంత అక్క సరిహద్దు అవతల బెల్గొరోద్‌లో ఉండేది. బాంబులు మొదలయ్యాక మేమంతా మెట్రో స్టేషన్లో ఆగిపోయిన రైలు పెట్టెల్లో పడుకున్నాం. ఆవిడ అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేసింది. "మావాళ్లు ఇళ్ల మీద వెయ్యరు, మీవాళ్లే వేసుకుంటున్నారు" అందట అక్క. ఆవిడ ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసి, పక్కనున్న పాపకు దుప్పటి సర్దింది. మార్చి 1న ఫ్రీడమ్ స్క్వేర్‌లోని ప్రభుత్వ భవనం మీద క్షిపణి పడింది. కర్ణాటక నుంచి వచ్చిన మెడికల్ స్టూడెంట్ ఒకరు సరుకుల కోసం బయటికెళ్లి చనిపోయింది ఆ రోజే. మర్నాడు, నడిచైనా సరే వెంటనే ఖార్కివ్ వదలమని మన ఎంబసీ చెప్పింది. బ్యాగులు సగం దారిలో పారేసి ఊరి బయటున్న పెసోచిన్ దాకా నడిచాం.

ఓనరావిడతో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. అంతకుముందు రష్యాతో కలిసుండాలనే పార్టీలకే ఓటేసిన మనిషి. ఇప్పుడు మనవడు సైన్యంలో ఉన్నాడని గర్వంగా చెబుతుంది. రష్యాకు అక్కడ లేని శత్రువుని రష్యా దాడే తయారుచేసింది. 1939లోనూ ఇలాగే జరిగింది. లెనిన్‌గ్రాద్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) భద్రత కోసం సరిహద్దు వెనక్కి జరపమని సోవియట్ యూనియన్ ఫిన్లాండ్‌ని అడిగి, ఒప్పుకోకపోతే నవంబర్ 30న దాడి చేసింది. కొంత భూమి దక్కింది. 1941లో అదే ఫిన్లాండ్ జర్మనీ పక్కన నిలబడి సోవియట్‌తో యుద్ధం చేసింది.

మరి ముప్పు నిజంగానే ఉంటే ఏం చేయాలి? 1962లో అమెరికా పక్కనే ఉన్న క్యూబాలో సోవియట్ అణు క్షిపణులు నిజంగానే దిగాయి. అంతకు ముందటి ఏడాది క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర అమెరికా చేయించిన దాడిని నేను సమర్థించను, దాని భయంతోనే క్యూబా ఆ క్షిపణులకు ఒప్పుకుంది కూడా. చివరికి సంక్షోభం తీరింది బేరంతోనే: సోవియట్ క్షిపణులు వెనక్కి వెళ్లాయి, క్యూబా మీద దాడి చేయబోమని అమెరికా మాటిచ్చింది, టర్కీలోని తన క్షిపణుల్ని చప్పుడు లేకుండా తీసేసింది. ఐక్యరాజ్యసమితి ఛార్టర్ 51వ అధికరణం ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది సాయుధ దాడి జరిగినప్పుడు. 2022 ఫిబ్రవరి 24న రష్యా మీద ఎవరూ దాడి చేయలేదు.