అరచేతిలో నాడిలా కొట్టుకునే గడ్డ

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో 16 ఏళ్లుగా ఫిట్టర్‌ని. బిగుసుకున్న పార్టును అరచేత్తోనే కొట్టి కూర్చోబెట్టడం అలవాటు. కుడి అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు దగ్గర్లో రేగుపండంత గడ్డ లేచింది, ముట్టుకుంటే నాడిలా కొట్టుకుంటోంది. ఉంగరపు వేలు తెల్లబడి చల్లగా అయిపోతోంది. డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) తీసి, అన్యూరిజం, ఆపరేషన్ చేయాలన్నారు. మా బావేమో పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటాడు. రక్తనాళం కోసేస్తే వేలు పోదా? ఒకటే టెన్షన్.

జవాబు: ముందు మీ బావగారికి చెప్పండి, పుత్తూరు కట్టు ఎముకలకు, అన్యూరిజం అంటే ధమని గోడ సాగి బుడగలా ఉబ్బడం. పిసకొద్దు, మర్దనా వద్దు, నీటిగడ్డ అనుకుని ఎవరైనా సూది గుచ్చబోతే అస్సలు ఒప్పుకోవద్దు. లోపల గడ్డకట్టిన రక్తం ముక్కలై వేలికొసలకు పోయి ఇరుక్కుంటుంది, మీ వేలు తెల్లబడేది బహుశా అందుకే.

మీరు చెప్పిన చోటే లోపల కొక్కెంలాంటి ఎముక ఉంటుంది. అల్నార్ ధమని దాని పక్క నుంచే, పైన పెద్దగా కండ అండ లేకుండా పోతుంది. మీరు కొట్టిన ప్రతిసారీ అది ఆ కొక్కేనికేసి నలిగింది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరులోనే సుత్తి ఉంది: హైపోథీనార్ హ్యామర్ సిండ్రోమ్.

ఇక వేలి సంగతి. చేతికి రక్తం రెండు దారుల్లో వస్తుంది, బొటనవేలి వైపు రేడియల్, చిటికెన వేలి వైపు అల్నార్, అరచేతిలో రెండూ కలుస్తాయి, అయితే అందరిలోనూ పూర్తిగా కలవవు. అందుకే పిడికిలి బిగించమని మణికట్టు దగ్గర రెండూ నొక్కిపట్టి, పిడికిలి విప్పించి ఒక్కదాన్నే వదిలి, చేయి ఎర్రబడుతుందా లేదా చూస్తారు. రక్తనాళాలు కనబడేలా తీసే సీటీ యాంజియో స్కాన్ కూడా అడగొచ్చు. ఆపరేషన్‌లో ఉబ్బిన ముక్క తీసేశాక అవతలి కొస నుంచి రక్తం బాగా వెనక్కి చిమ్మి, వేళ్ల రంగు బాగుంటే కొసలు కట్టేసి వదిలేయొచ్చు. లేదంటే రెండు కొసలూ కలిపి కుడతారు, అందకపోతే ముంజేతిలోంచో కాలిలోంచో సిర ముక్క తీసి, అందులోని కవాటాలు రక్తానికి అడ్డుపడకుండా తలకిందులుగా తిప్పి అతుకుతారు. మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో చేసే పని! మీ వేలికి ఇప్పటికే రక్తం చాలడం లేదు కాబట్టి అతకడమే మేలని నాకనిపిస్తుంది, ఆఖరి మాట మాత్రం చేయి తెరిచి చూసిన సర్జన్‌దే.

స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో చేతి సర్జరీకే విడిగా విభాగం ఉంది, రిపోర్టులు పట్టుకుని వెళ్లండి. సిగరెట్ అలవాటుంటే ఇవాళే ఆపేయండి, రబ్బరు సుత్తి ఒకటి కొనుక్కోండి. వేలు నీలంగానో నల్లగానో మారినా, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లిపోండి.