మధ్యాహ్నంలో అన్నం ఉందా?

సందేహం: మా బడి వంటగది గోడమీద ‘మధ్యాన్న భోజన పధకం’ అని రాయించారు. రోజూ దగ్గరుండి భోజనం పంపిణీ చేయించేది నేనే కాబట్టి ఆ రాత కళ్లబడుతూనే ఉంటుంది. ‘మధ్యాహ్న’ కదా అంటే, తోటి ఉపాధ్యాయుడు ‘మధ్య + అన్నం = మధ్యాన్నం, సవర్ణదీర్ఘ సంధి. రెండు పూటల మధ్య పెట్టే అన్నం కాబట్టి అదే ఒప్పు’ అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రులు సంధి బాగానే చేశారు. చిక్కల్లా, ఈ మాటలో ఉన్నది అన్నం కాదు, అహస్సు. సంస్కృతంలో ‘అహన్’ అంటే పగలు. సమాసం చివర అది ‘అహ్న’ అవుతుంది. పగటి నడిమి భాగం మధ్యాహ్నం, చివరి భాగం సాయాహ్నం. పూర్వాహ్ణం, అపరాహ్ణం కూడా ఈ కుటుంబంలోవే. వాటిలో ముందున్న రేఫ వల్ల నకారం ణకారమైంది. అన్నంతో ముడిపెడితే సాయాహ్నం ఏమవ్వాలి? ‘మధ్యాహ్నం రెండింటికి రండి’ అన్న ప్రతివాళ్లూ విస్తరి వేయాల్సి వస్తుంది! పైగా అన్నం అందులోనే ఉంటే పక్కన మళ్లీ భోజనం దేనికి?

ఈ పొరపాటుకు మూలం మన ఉచ్చారణ. రాతలో హకారం ముందు, నకారం దాని కింద. నోట్లో అవి తారుమారై ‘న్హ’ అంటాం, బ్రహ్మను ‘బ్రమ్హ’ అన్నట్టే. ఆ హకారమూ జారిపోతే మధ్యాన్నం, ఇంకా అరిగితే మద్దేనం, మజ్జానం. మాటల్లో, కథలోని సంభాషణల్లో అవి హాయిగా ఉండొచ్చు. పిల్లలు రోజూ చూసే గోడమీద మాత్రం ‘మధ్యాహ్న’ అనే ఉండాలి.

అడగలేదు గానీ, ‘పధకం’ కూడా దిద్దించండి. పథకం. ‘పథం’లో ఉన్న థకారమే ఇదీ. థ, ధలకు తేడా కడుపులో చుక్కే కనుక రంగుకుంచె దాన్ని తరచూ మింగేస్తుంది. ‘పతకం’ అని రాసేవారూ ఉన్నారు. అది పోటీలో గెలిస్తే ఇచ్చేది.

ఇక మీ ఉత్తరంలోని ‘పంపిణీ’. 1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాలు వండి పెట్టలేదు. హాజరు 80 శాతం ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చేవి. అది నిజంగా పంపిణీయే. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003లో పొయ్యి వెలిగింది. తర్వాత కేంద్రం 2021లో పీఎం పోషణ్ అంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ పేరు వచ్చాయి. పేర్లు ఇన్ని మారినా ఉత్తర్వుల్లో, వార్తల్లో ఆ బియ్యంనాటి క్రియ మాత్రం కదల్లేదు. బియ్యం, పుస్తకాలు, ఏకరూప దుస్తులు పంపిణీ చేస్తారు. కంచంలోకి వేడివేడిగా వచ్చేదాన్ని పెడతారు, వడ్డిస్తారు. ‘అందిస్తారు’ అన్నా నాకు అభ్యంతరం లేదు.